నాలుగొందల పుల్లమ్మ

"ముందా చెయ్యి తియ్యి నాయనా. త్రాసు తాడుకి నీ వేలు ఆనిందంటే అది నా తూకం కాదు, నీ తూకం. ఆఁ, అట్టా. ఇప్పుడు చెప్పు, ఏం కనపడతంది?"

"అవతలి పళ్ళెంలో తొమ్మిదొందల రాయి. ఇవతలి పళ్ళెంలో బియ్యం."

"బియ్యమేనా?"

"బియ్యంతో పాటు రెండు రాళ్ళు. మూడొందలదీ, వందదీ."

"ముల్లు?"

"నిటారుగా నిలబడింది."

"మరి బియ్యం ఎంతున్నట్టు?"

యలమంద తొమ్మిదిలోంచి నాలుగు తీసేశాడు. "అరకిలో, పెద్దమ్మా."

"అరకిలో," అంది పుల్లమ్మ. "నీకెంతసేపు పట్టింది? ఉమ్మి మింగినంతసేపు. ఆరోజు గుళ్ళో నూట ఇరవై మంది కూర్చున్నారు. ముప్ఫయ్యేడేళ్ళయింది. ఇంకా తీసివేస్తానే ఉన్నారు."

యలమందకి తెనాలి స్టేషన్ రోడ్డులో కాటాలు బాగుచేసే షాపు ఉంది. ఎనిమిదో తరగతి తర్వాత బడి మొహం చూడలేదు. ఆ తర్వాత నేర్చుకున్నదంతా విప్పి పరిచిన కాటాలు నేర్పిందీ, ఫోనులో ఒకటికి పదిసార్లు చదివి అర్థం చేసుకున్నదీను. నలభై అయిదేళ్ళ మనిషి. ఎవరైనా తెలిసిన పని గురించి చెబుతుంటే మధ్యలో అడ్డం రాడు. అదొక్కటే తనకున్న గొప్ప గుణమని వాళ్ళావిడ అంటుంది, మెచ్చుకోలుగా కాదు.

పుల్లమ్మని అతను మొదటిసారి చూసింది ఏడాది కిందట, రేపల్లె అవతల ఒక రొయ్యల షెడ్డులో. ఆడవాళ్ళు వరసగా కూర్చుని రొయ్యల తలలు తీస్తారు. ఎవరు ఎంత తీశారో కాటా చెబుతుంది. "ఒక ముసలామె మా కాటా దొంగదని అందర్నీ ఎగదోస్తంది, వచ్చి దాని నోరు మూయించు" అని షెడ్డాయన ఫోను చేశాడు. యలమంద వెళ్ళేసరికి ఆమె నేల మీద కూర్చుని చేతి త్రాసు పైకెత్తి పట్టుకుని ఉంది. ఒక పళ్ళెంలో రెండు రాళ్ళు. రెండో పళ్ళెంలో రొయ్యలు, రొయ్యల మధ్యలో ఇంకో రాయి.

ఇరవై ఏళ్ళుగా పళ్ళెం కింద అయస్కాంతాలూ, తాళ్ళకి కట్టిన సీసం ముక్కలూ చూసిన కన్ను అతనిది. ఊరుకోలేకపోయాడు.

"ఏంటమ్మా ఇది, పట్టపగలు సరుకులో రాయి పెట్టి తూస్తున్నావు?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు. పుల్లమ్మ మాత్రం నవ్వలేదు.

"అందరూ ముందు అదే అంటారు. ఇటు ఇరవయ్యేడు వందల రాయీ, వంద రాయీ. అటు సరుకుతో మూడొందల రాయి. ఎంతయింది? రెండున్నర కిలోలు. నీ మిషను ఎంతంది?"

మిషను రెండు కిలోల మూడొందలు అంది. యలమంద దాన్ని విప్పాడు. లోపల ఎవరో తెలిసినవాడే చెయ్యి పెట్టాడు. అతను సరిచేసి, మూత బిగించి, ఆమె చెప్పిందే నిజమని షెడ్డాయనకి అందరి ముందూ చెప్పాడు. షెడ్డాయన ఆ తర్వాత యలమందని పిలవలేదు. పుల్లమ్మని కూడా పన్లోకి రానివ్వలేదు.

"నీ మూలాన నా పని పోయింది, నా మూలాన నీ పని పోయింది. చెల్లుకి చెల్లు" అంది ఆమె. అప్పటినుంచి నెలకి రెండు ఆదివారాలైనా అతను మధ్యాహ్నం రైలెక్కి రేపల్లె వెళ్ళి ఆమె రేకుల వసారాలో కూర్చునేవాడు. ఆ నాలుగు రాళ్ళ కథ అతనికి ఒక్కరోజులో తెలియలేదు. గుడ్డసంచిలోంచి ఒక్కో రాయీ తీసినట్టే కొంచెం కొంచెంగా తీసింది.

వాళ్ళ చర్చి సంఘంలో అన్నానికి ఎసరు పెట్టేటప్పుడల్లా ఆడవాళ్ళు ఒక పిడికెడు బియ్యం పక్కన పోసేవారు. అది దేవుడి పిడికిలి. నెలాఖరున ఇంటింటికీ వెళ్ళి ఆ బియ్యం తూచి, పుస్తకంలో ఎక్కించి, గుడికి చేర్చేది పుల్లమ్మ. ఆవిడ సంఘానికి బైబిలు స్త్రీ. రోగుల దగ్గర వాక్యం చదవడం, బాలింతలకి నీళ్ళు కాచిపెట్టడం, ఈ బియ్యం ఎత్తడం ఆవిడ పనులు. సంఘం ఆవిడకి త్రాసు ఇచ్చింది, రాళ్ళు ఇవ్వలేదు.

"రేపల్లెలో రాయి ఎక్కడ దొరుకుద్ది నాయనా, అంతా ఒండ్రుమట్టి. రైలుపట్టాల కింద ఏరుకున్నా. ఏరుకుంటే చాలదు గదా, తూకానికి తేవాలి. బసవేశ్వరరావు గారి కొట్లో ఆయన గుండ్లతో సరిచూసుకుంటా, ఇంటికొచ్చి అరగదీస్తా, మళ్ళీ కొట్టుకెళ్తా. ఒక్క రాయికి పదిరోజులు పట్టేది. వేళ్ళు చూడు, ఇప్పటికీ గోళ్ళు సరిగ్గా రావు. వంద రాయి చేశా. రెండొందలది మొదలెట్టబోతా ఆగిపోయా. ఇన్ని రాళ్ళు అరగదీస్తే నేనే అరిగిపోతా. అసలు రెండొందలది దేనికి? మూడొందలది ఉంటే, వందని బియ్యంతో కూర్చోపెడితే రెండొందలు రాదా?"

అలా వంద, మూడొందలు. తర్వాత విరిగిన సన్నికల్లు ముక్కతో తొమ్మిదొందలు. పాత పొత్రం ముక్కతో రెండు కిలోల ఏడొందలు. నాలుగే రాళ్ళు. వంద గ్రాముల నుంచి నాలుగు కిలోల దాకా, వంద వంద పెంచుకుంటూ, వాటితో తూగనిదంటూ లేదు. పుస్తకంలో రాసుకోవడానికి మూడు గుర్తులు పెట్టుకుంది. రాయి బియ్యానికి ఎదురుగా ఉంటే నిలువు గీత. సంచిలో ఉండిపోతే సున్న. బియ్యంతో కలిసి కూర్చుంటే అడ్డగీత. అరకిలో అంటే సున్న, నిలువు, అడ్డం, అడ్డం.

"ఎవరు నేర్పారు?" అని అడిగాడు యలమంద.

"గోళ్ళు," అంది.

ఏడేళ్ళు అలాగే తూచింది. ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఆమె ఎలా తూస్తోందో చూసేవారు కాదు, కబుర్లు చెప్పేవారు. ఎనభై ఎనిమిదిలో కోతకాలపు పండుగనాడు మాత్రం బియ్యం గుడి ముందరే, అందరూ చూస్తుండగా తూచమన్నారు. సంఘపెద్ద బాలస్వామి మేష్టారు పక్కనే బల్ల వేసుకుని రాసుకుంటున్నాడు. హైస్కూల్లో లెక్కలు చెప్పే మనిషి. ఒకామె సంచి తూగింది. "అరకిలో" అంది పుల్లమ్మ.

మేష్టారు కలం ఆపాడు. "తొమ్మిదొందల రాయి వేసి అరకిలో అంటావేంటి పుల్లమ్మా? మిగతా నాలుగొందలూ ఎవరింటికి?"

గుడి మొత్తం ఆమె వైపు తిరిగింది. ఆమె చెప్పబోయింది. ఇవతలి పళ్ళెంలో వేలు పెట్టి మూడొందల రాయి పైకి తీసి చూపించింది. అదే కొంప ముంచింది. "బియ్యంలో రాళ్ళు దాచిందిరోయ్" అని వెనకనుంచి ఎవరో అరిచారు. తర్వాత ఆమె చెప్పింది ఎవరూ వినలేదు. వారం తిరక్కుండా రిజిస్టరులో రాశారు: 'తూకములో మోసము. పశ్చాత్తాపపడు వరకు ప్రభువు బల్లనుండి నిలుపబడినది.'

బైబిలు స్త్రీ పని పోయింది. పేరు పోయి ఇంకో పేరు వచ్చింది. నాలుగొందల పుల్లమ్మ. వీధిలో పిల్లలు ఆమె వెనకాల "నాలుగొందలు, నాలుగొందలు" అని తాళం వేసేవారు. ఆ పిల్లలకిప్పుడు మనవలు. వాళ్ళకి ఆ పేరు ఎందుకొచ్చిందో తెలియదు, పేరు మాత్రం తెలుసు. భర్త దావీదు మంచివాడే. "ఒప్పేసుకోవే, నాలుగొందలే గదా, నాలుగు బస్తాలు కాదు గదా" అని పోయేదాకా అంటూనే ఉన్నాడు. తన ఇంట్లో తనతో తిన్న మనిషి కూడా తను తీసిందనే అనుకున్నాడని ఆమెకి ఆయన పోయిన తర్వాత ఒకరోజు తట్టిందట. ఆ మాట చెప్పి లేచి వెళ్ళి పొయ్యి ఊదుకుంది.

గుడికి వెళ్ళడం మాత్రం మానలేదు. రావద్దని ఎవరూ అనలేదు, ప్రభువు రొట్టె, ద్రాక్షరసం పంచే బల్ల దగ్గరికే రావద్దన్నారు. నెలలో మొదటి ఆదివారం రొట్టె ఇచ్చే వేళకి ఆమె కూర్చున్న వరసంతా లేస్తుంది. ఆమె మోకాళ్ళు పక్కకి తిప్పి దారి ఇస్తుంది. తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ తిప్పుతుంది. నిరుడు మోకాలు వాచినప్పుడు కూడా అలాగే తిప్పింది.

"ఒప్పుకుంటే ఒక్క నెలలో అయిపోయేది గదా పెద్దమ్మా," అన్నాడోసారి యలమంద, జాగ్రత్తగా.

"ఏమని ఒప్పుకోను? బాలస్వామి మేష్టారు గుడి ముందర నిలబడి, పుల్లమ్మ తియ్యలేదు అని రెండు ముక్కలు అనాలి. నూట ఇరవై మందికీ వినపడేట్టు. ఆళ్ళల్లో ఇంక పాతికమంది కూడా మిగల్లేదు. ఉన్నోళ్ళకైనా చాలు. రొట్టె సంగతి తర్వాత."

ఆమెకి కావలసింది అదొక్కటే. యలమందకి అది చిన్న కోరికలా కనిపించింది. ఎలాగోలా తీర్చవచ్చని కూడా అనిపించింది. ఆ అనిపించడమే అతను చేసిన పొరపాటు.

ఒక మధ్యాహ్నం రైల్లో వస్తూ ఫోనులో ఒక వ్యాసం చదివాడు. చదివి, ముందరి స్టేషను దాటేలోపు మళ్ళీ చదివి, రేపల్లెలో దిగి దాదాపు పరిగెత్తుతూ వచ్చాడు.

"పెద్దమ్మా, ఈ ఫోన్లలో మనం అడిగినదానికి జవాబు చెప్పే తెలివి ఉంది చూశావా, ఏఐ అంటారు, దాని లోపల ఉండేవన్నీ అంకెలే. కోట్ల కోట్ల అంకెలు. మనం ఒక్క మాట అడిగితే అది కోట్ల గుణకారాలు చెయ్యాలి. దానికి ఊళ్ళకి ఊళ్ళు వాడేంత కరెంటు కావాలంట. ఇప్పుడు కొందరు ఏం చేస్తున్నారంటే, అంకెలన్నీ తీసేసి మూడే మూడు పెడుతున్నారు. ఒకటి, సున్న, ఒకటి తక్కువ. అంటే కలుపు, వదిలెయ్యి, తీసెయ్యి. ఇంక గుణకారంతో పనే లేదు."

"నిలువు, సున్న, అడ్డం," అంది పుల్లమ్మ.

"అదే! అచ్చం అదే! నీ పుస్తకం తీసుకెళ్ళి అందులో పోసినట్టుంది. మామూలు కంప్యూటరుకి రెండే గుర్తులు, ఉందీ లేదూ. తక్కువని చెప్పాలంటే దానికి వేరే తిప్పలు పడాలి."

"నాకేం తిప్పలు? పళ్ళేలు అటూ ఇటూ మారిస్తే నిలువు అడ్డమవుద్ది, అడ్డం నిలువవుద్ది. సున్న సున్నగానే ఉంటది. లెక్క అదే. ఇప్పటిదాకా ఎవరికీ తోచలేదా?"

"తోచింది. అరవై ఏళ్ళ పైనే అయింది, రష్యాలో ఒక యూనివర్సిటీ వాళ్ళు మూడు గుర్తుల కంప్యూటరే కట్టారు."

"పనిచెయ్యలేదా?"

"పనిచేసింది. కానీ అప్పటికే మిగతా అందరూ రెండు గుర్తులతో మొదలుపెట్టేశారు. వదిలేశారు దాన్ని."

పుల్లమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె నవ్వగా యలమంద చూడటం అదే మొదలు. "అయితే దాన్నీ బల్లకి రానియ్యలేదు!"

బాపట్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో శివకృష్ణ అనే లెక్చరరు ఉన్నాడు. ఇలాంటి మూడు గుర్తుల లెక్కతో చిన్న చిప్పు మీద ఏఐ నడపాలని అతని ప్రయత్నం. ల్యాబులో కాటాల కోసం యలమంద దగ్గరికి వస్తుంటాడు. మాటల్లో పుల్లమ్మ సంగతి చెబితే అతని కళ్ళు మెరిశాయి.

"అన్నా, నేను నిధుల కోసం ప్రపోజలు రాసి ఏడాదైంది. ఎవరూ పట్టించుకోవట్లేదు. ఇలాంటి ఒక మనిషి కావాలన్నా నాకు. చదువురాని ముసలమ్మ, నాలుగు రాళ్ళు! మా ఫెస్టుకి తీసుకురా."

"చదువొచ్చు ఆమెకి. బైబిలు చదువుతుంది."

"అదేలే అన్నా."

పుల్లమ్మ ఒకే ఒక్క షరతు పెట్టింది. బాలస్వామి మేష్టారు అక్కడ ఉండాలి. రిటైరయ్యాక ఆయన బాపట్లలోనే కూతురు లిడియా ఇంట్లో ఉంటున్నాడు. ఎనభై ఆరేళ్ళు. శివకృష్ణ కారు పంపిస్తానన్నాడు. "పాత లెక్కల మేష్టారా? ఇంకా మంచిది. ముందు వరసలో కూర్చోపెడదాం."

ఫెస్టు రోజు పుల్లమ్మా యలమందా చెరుకుపల్లి మీదుగా బస్సులో బాపట్ల వెళ్ళారు. ఆమె ఉతికి గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుంది. ఒళ్ళో సంచి, సంచిలో రాళ్ళు, వాటి మీద తనింటి బియ్యం అరకిలో. బస్సు కుదిపినప్పుడల్లా సంచిని పసిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుంది. రిజిస్టరులో రాసింది ఎలా కొట్టేస్తారో, ఎర్రసిరాతో కొడతారో, పక్కన వేరే రాస్తారో యలమందని అడిగింది.

కాలేజీ గేటు దగ్గర ఆమె బొమ్మతో బ్యానరు కట్టి ఉంది. 'ఏఐకి అమ్మమ్మ' అని పెద్ద అక్షరాలు. శివకృష్ణ ఎదురొచ్చి ఆమెని ఎగాదిగా చూశాడు.

"అమ్మగారూ, కొంచెం పాత చీర ఏదైనా తెచ్చుకున్నారా? ఇది స్టేజీ మీద బాగా కొత్తగా కనపడుతుంది."

"పాతదే బాబూ. ఉతుక్కున్నా."

హాల్లో ఐదొందల మంది పిల్లలు. సగంమంది ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. శివకృష్ణ ముందు తన చిప్పు చూపించాడు. అగ్గిపెట్టెంత పలక, దాని మీద కెమెరా. పళ్ళెంలో బియ్యం పోస్తే అవి ఏ రకమో చెబుతుంది. పుల్లమ్మ తెచ్చిన బియ్యం నాలుగు గింజలు కింద పెట్టారు. తెరమీద 'సాంబ మసూరి, 94 శాతం' అని పడింది. చప్పట్లు.

"కాదు," అంది పుల్లమ్మ మైకు పక్కనుంచి. "అయ్యి స్వర్ణ. నేను తినేయి గదా."

హాలంతా నవ్వు. శివకృష్ణ కూడా నవ్వాడు. "అమ్మగారూ, అది లక్ష గింజలు చూసి నేర్చుకుంది."

"నేర్చుకుంటే నేర్చుకుంది. ఏ రాయి ఏ పళ్ళెంలో ఏసి అట్టా అందో చూపించమను."

"అలా చూపించలేమండి. లోపల కోట్లలో ఉంటాయి. ఒక్కోటీ చూడటం ఎవరివల్లా కాదు."

"అయితే మీరెట్టా నమ్మారు?"

"చాలాసార్లు కరెక్టుగా చెబుతుంది కాబట్టి."

"నేను ఏడేళ్ళు కరెక్టుగా చెప్పా," అంది పుల్లమ్మ. "నాలుగే రాళ్ళు. అందరి కళ్ళ ముందరే ఉన్నాయి. నమ్మలా."

పిల్లలు అది జోకనుకున్నారు. ఈలలు వేశారు. వెనకవరసలో ఒకడు "అమ్మమ్మ రాక్స్" అని అరిస్తే, ఇంకొకడు "రాక్సే రా, నాలుగు రాళ్ళు" అన్నాడు. యలమంద స్టేజీ మెట్ల దగ్గర నిలబడి ఆమె మొహమే చూస్తున్నాడు. ఆమె ఆ నవ్వులేవీ విననట్టే త్రాసు ఎత్తింది. బియ్యం పోసింది. మూడొందల రాయీ, వంద రాయీ బియ్యంతో కూర్చోపెట్టింది. తొమ్మిదొందల రాయి అవతల వేసింది. ముల్లు ఊగి ఊగి నిలబడింది. అప్పుడు ముందు వరసలో కండువా వేసుకుని కూర్చున్న బాలస్వామి మేష్టారి వైపు తిరిగింది.

"మేష్టారండీ. ఇప్పుడు చెప్పండి. ఆ నాలుగొందలూ ఎవరింటికి పోయాయి?"

ఎవరో ఆయనకి మైకు అందించారు. ఆయన లేవలేకపోయాడు, కూర్చునే మాట్లాడాడు. గొంతు మాత్రం క్లాసులో ఉన్నట్టు స్పష్టంగా ఉంది.

"ఎక్కడికీ పోలేదు పుల్లమ్మా. నాకు అప్పుడే తెలుసు. ఆ సాయంత్రమే ఇంట్లో కాగితం మీద వేసి చూశాను. సరిగ్గానే వచ్చింది. చాలా అందమైన లెక్క. నేను రిటైరయ్యేదాకా ప్రతి ఏడూ పదో తరగతికి అదే లెక్క ఇచ్చేవాణ్ణి. నాలుగు రాళ్ళు, నలభై తూకాలు. పిల్లలు ఎంత సంబరపడేవాళ్ళో."

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. పుల్లమ్మ చేతిలో త్రాసు ఇంకా పైకే ఉంది.

"తెలిసి... మరి గుళ్ళో ఎందుకు చెప్పలేదండీ?"

"సంఘం ముందు ఒకసారి అన్నాక వెనక్కి తీసుకుంటే పెద్దరికం ఏం నిలుస్తుంది? నువ్వు ఒప్పుకుంటావనుకున్నాను. ఒప్పుకుంటే నెలలో అయిపోయేది. నీ పంతమే నిన్ను..."

ఆ మాట పూర్తిగా వినబడలేదు. ముఖ్య అతిథికి ఆలస్యమవుతోందని శివకృష్ణ మైకు తీసుకున్నాడు. పాట పెట్టారు. మేష్టారికి శాలువా కప్పారు. పుల్లమ్మకి కప్పారో లేదో యలమందకి గుర్తులేదు. ఆమె బియ్యం మళ్ళీ సంచిలోకి ఒంపుకుంటూ, నేల మీద పడ్డ గింజలు ఒక్కొక్కటే ఏరుకుంటూ కనిపించింది.

తిరుగుబస్సులో ఆమె ఒక్కటే అంది. "పిల్లలు సంబరపడేవాళ్ళంట." ఆ పదో తరగతి పిల్లల్లో తనని చూసి తాళం వేసినవాళ్ళు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకుంటున్నట్టు వేళ్ళు మడిచింది. యలమంద కిటికీ అద్దం జరిపాడు, గాలికి.

రెండురోజుల్లో వీడియో బయటికొచ్చింది. అర నిమిషం ముక్క. త్రాసు ఎత్తిన పుల్లమ్మ, ఆ వెంటనే మేష్టారు: "నాకు అప్పుడే తెలుసు. చాలా అందమైన లెక్క. ప్రతి ఏడూ పదో తరగతికి అదే లెక్క ఇచ్చేవాణ్ణి." ఆమె అడిగిన ప్రశ్న ముందుదీ లేదు, వెనకదీ లేదు. కింద రాతలు: 'పేద ప్రతిభను గుర్తించిన గురువు.' 'ఇలాంటి మేష్టార్లు ఇప్పుడెక్కడ?' రెండు లక్షల మంది చూశారు. యలమంద శివకృష్ణకి ఫోను చేశాడు.

"అన్నా, పూర్తి వీడియో పెడితే ఎవరు చూస్తారన్నా? అదేదో చర్చి గొడవ. మనం చెప్పేది టెక్నాలజీ గురించి. ఒక మంచి వార్త చెప్పనా? నా ప్రపోజలు పాసైంది."

"ఆమె అడిగింది..."

"ఆమె పేరు కూడా వేశాం కదన్నా, కింద."

వేశారు. 'పుల్లమ్మ (నాలుగొందల పుల్లమ్మగా ప్రసిద్ధి).' ఆ పేరు వాళ్ళకి ఎవరు చెప్పారో యలమంద అడగలేదు. అతనే చెప్పాడు, షాపులో, మొదటిరోజు, కథంతా చెబుతున్న ఉత్సాహంలో.

వీడియో రేపల్లెకి కూడా చేరింది. ఆ ఆదివారం గుళ్ళో బాలస్వామి మేష్టారి పేరుమీద కృతజ్ఞతా ప్రార్థన చేశారు. సంఘంలోని ప్రతిభను ఆనాడే కనిపెట్టిన పెద్దమనిషి అన్నారు. పుల్లమ్మ వెనకవరసలో కూర్చుని వింది. అయిపోయాక కొత్త పాస్టరు శాలేమురాజు, ముప్ఫై ఏళ్ళ కుర్రవాడు, ఆమె ఇంటికి వచ్చాడు. యలమంద అప్పటికే వసారాలో కూర్చుని ఉన్నాడు.

"అమ్మా, శుభవార్త. పాత రిజిస్టరు తిరగేశాను. మీ మీద ఏదో ఉంది. కమిటీలో మాట్లాడాం. ఇన్నేళ్ళయింది, పెద్దవారు, సంఘానికి పేరు తెచ్చారు. సంఘం మిమ్మల్ని క్షమించింది. వచ్చే నెల మొదటి ఆదివారం మీరు బల్ల దగ్గరికి రావచ్చు."

పుల్లమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. చెరగడం ఆపలేదు.

"క్షమించారా అయ్యగారూ? ఏం చేశానని?"

"అదే అమ్మా... రాసి ఉన్నదానికి."

"రాసింది అట్టాగే ఉంటదా?"

"రిజిస్టరులో కొట్టెయ్యకూడదమ్మా. కింద 'క్షమించబడినది' అని రాస్తాం."

ఆమె తలూపింది. కాఫీ తాగి వెళ్ళమంది. ఆయన వెళ్ళాక చేట గోడకి ఆనించింది. యలమంద నోరు తెరిచాడు. తనవల్లే జరిగిందనీ, తను తీసుకెళ్ళకపోతే కనీసం మేష్టారు తెలియక అన్నాడనైనా ఆమె అనుకుంటూ ఉండేదనీ చెప్పబోయాడు. ఆమె అడ్డం చెయ్యి పెట్టింది.

"నిన్నేం అనను. ముప్ఫయ్యేడేళ్ళు ఆయన్ని వెర్రిబాగులోడు అనుకున్నా. లెక్క రాదులే పాపం అని ప్రార్థన కూడా చేశా. అదీ నా తెలివి." లేచి లోపలికి వెళ్ళి గుడ్డసంచి తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది. బరువుకి అతని మోకాళ్ళు దిగాయి. "ఇందులో నాలుగు రాళ్ళూ, త్రాసూ, అరకిలో బియ్యం ఉన్నాయి. బాపట్ల ఎళ్ళు."

"ఎందుకు పెద్దమ్మా?"

"లిడియా టీచరు గదా, రోజూ బడికెళ్ళిపోద్ది. అందుకని ఆదివారం ఎళ్ళు, పిల్లలు కూడా ఇంట్లో ఉంటారు. వరండాలో మేష్టారు కుర్చీ ఏసుకుంటాడంట గదా, ఆయనకెదురుగా దూలానికి ఈ త్రాసు కట్టు. బియ్యం పొయ్యి. రెండు రాళ్ళు బియ్యంతో కూర్చోపెట్టు, తొమ్మిది అవతల పెట్టు. ముల్లు నిలబడనియ్యి. నువ్వేం మాట్లాడమాక. ఆయన్నే చెప్పమను. ఆ నాలుగొందలు ఎక్కడున్నాయో, ఎప్పట్నుంచి తెలుసో, ఎందుకు చెప్పలేదో. పైకి చెప్పాలి. కూతురు వినాలి, మనవలు వినాలి. ఆళ్ళల్లో ఒక్కరికైనా తెలియాలి."

"ఎనభై ఆరేళ్ళ మనిషి పెద్దమ్మా. గుండె జబ్బంట. ఇంటిల్లిపాది ముందూ..."

"నాకూ డెబ్భైయేడు. నా మోకాళ్ళడుగు."

యలమంద సంచి మూతి చుట్టూ తాడు బిగించాడు. "చెప్పకపోతే?"

"మళ్ళీ ఆదివారం ఎళ్ళు. ఆ పై ఆదివారం కూడా. చెప్పిందాకా త్రాసు విప్పమాక, ఆయన కళ్ళముందరే ఏలాడనియ్యి. రాళ్ళు అక్కడే వదిలేసి వచ్చినా పర్లేదు నాయనా, నాకింక ఏం పని వాటితో. బియ్యం మాత్రం వెనక్కి పట్టుకురా. అయ్యి నాయి. వచ్చాక కొట్లో తూచుకుంటా."